బాబాయి బాణాల్లో ఇత్తడి

మా పిన్ని చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తుంది. గరిటైనా అంతే, గొడుగైనా అంతే, ఎవరింటికైనా వెళితే వాళ్ళు చేతిలో పెట్టిన చెంచా అయినా అంతే. ఎటు వాలుతుందో చూసి, "దీనికి మూతి బరువు చాల్లేదు" అనో, "దీనికి తోక ఎక్కువైంది" అనో తీర్పు చెప్పేస్తుంది. మనుషుల్ని వేలి మీద నిలబెట్టలేదు కాబట్టి వాళ్ళని నోటితో తూస్తుంది. ఆ తూకం ఇంకా నిక్కచ్చి.

ఆవిడ పని కట్టుడుపళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే, ఇంటి ముందుగదిలో కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని మైనం కరిగిస్తుంది, ఆకురాయితో అరగదీస్తుంది, నమిలే పళ్ళు నమిలేలా, నవ్వే పళ్ళు నవ్వేలా తయారుచేస్తుంది. మా విలువిద్య క్లబ్బు సెక్రెటరీ నోట్లో ఉన్నవి ఆవిడ చేసినవే. మీటింగులో ఆయన ఉపన్యాసం సాగితే, మా పిన్ని వెనక వరసలోంచి లేచి, "పళ్ళు కాస్త వదులైనట్టున్నాయండీ, ఓ వారం నా దగ్గర వదిలేసి వెళ్ళండి" అంటుంది. ఆయన ఠక్కున కూర్చుంటాడు.

ఆ క్లబ్బులో ఆవిడ పేరు ఇత్తడమ్మ. ఎందుకో చెప్పాలంటే బాణం సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటి బాణాలు కర్రవి కావు, కార్బన్‌వి. నల్లగా, బోలుగా, పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుండే గొట్టాలు. ముందు కొసలో చిన్న లోహపు తొడుగొకటి జిగురుతో అతికిస్తారు, ములికి వచ్చి దానికి మరతో బిగుస్తుంది. బాణం మరీ తేలికైతే గాలి దాన్ని ఇష్టం వచ్చినట్టు ఈడుస్తుంది. అందుకని ఆ తొడుగు వెనకాల, గొట్టం లోపల, చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు బిగించి మూతి బరువు పెంచుతారు. బయటికేమీ కనిపించదు. వేడినీళ్ళలో మూతి ముంచితే జిగురు మెత్తబడి తొడుగు బయటికొస్తుంది, బిళ్ళ బిగించి మళ్ళీ అతికించడమే. మంట మాత్రం చూపించకూడదు, కార్బన్ పొరలు విడిపోతాయి. ఒకాయన తొందరపడి పొయ్యి మీద కాల్చి తెచ్చిన బాణాలను మా పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వీటితో వీపు గోక్కోండి, బాగుంటుంది" అని తిరిగిచ్చేసింది.

ఆవిడ మాత్రం బాణం వెయ్యదు. పెళ్ళయిన కొత్తలో మా బాబాయి సినిమాకని బయల్దేరదీసి క్లబ్బుకి తీసుకెళ్ళాడట. సరదాపడి ఒక్క బాణం వేసింది. వింటితాడు ముంజేతిని చరిచి వాత తేల్చింది. "వెయ్యడం మీ వంతు, మరమ్మతు నా వంతు" అని ఆ రోజే పంపకాలు చేసేసింది. మర్నాడే పళ్ళు తూచే చిన్న త్రాసులో ఆయన బాణాలు పెట్టి, ఏ రెండూ ఒక బరువు లేవని తేల్చి, కొత్త పెళ్ళికొడుకు పరువు తీసింది.

నేను ఆవిడ అక్క కూతుర్ని. వాళ్ళ మేడమీద గదిలో ఉంటాను, క్లబ్బు మైదానంలో ఈల ఊదుతాను. ఒకసారి ఊదితే వేస్తారు, మళ్ళీ ఊదితే ఆపుతారు, ఇంకోసారి ఊదితే వెళ్ళి బాణాలు పీక్కొస్తారు. లోకంలో నా మాట వినేది వాళ్ళే, అది కూడా ఈల మెళ్ళో ఉన్నంతసేపే.

మా బాబాయి లిఫ్టు మెకానిక్కు. క్లబ్బులో ఆయన్ని వాయువేగం అంటారు. బాణమంటే తేలిగ్గా ఉండాలి, రివ్వున పోవాలి, అది ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఎవరైనా మూతి బరువు మాటెత్తితే మీసం తిప్పి, "అది ముసలాళ్ళకి" అంటాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా పిన్ని రచ్చ మొత్తం గెలిచింది, క్లబ్బులో సగం మంది బాణాల్లో ఆవిడ ఇత్తడే ఉంది. ఇంట్లో బాణాలు మాత్రం పెళ్ళినాడు ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయాయి.

అలాంటిది ఈ మధ్య మా బాబాయి బాణాలు ఎడమకి పోవడం మొదలెట్టాయి. క్లబ్బు జట్టులో ముగ్గురుంటారు. అందులో మూడోవాడు, ఆఖరి బాణం వేసేవాడు, ఎన్నాళ్ళనుంచో మా బాబాయే. ఈసారి ఆ స్థానానికి చెప్పుల షాపాయన పోటీకొచ్చాడు. ఒక ఆదివారం ఎంపిక పోటీ పెడతామన్నారు. అదీ కొత్త మైదానంలో, చుట్టూ చెట్టూ గోడా లేకుండా గాలి ఆడుకునే చోట. మా బాబాయి రోజూ వేసేవాడు, రోజూ ఎడమకే పోయేవి. గాలన్నాడు. తాడన్నాడు. కళ్ళజోడన్నాడు. చివరికి నా ఈల మరీ కీచుగా ఉందన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

మా పిన్ని బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పక్కకి లాగింది.

"గాలీ కాదు, నీ ఈలా కాదు. తాడు చూడవే. ఇదివరకు పూర్తిగా లాగితే ముక్కు కొసని తాకేది. ఇప్పుడు తాకట్లేదు."

"అంటే?"

"అంటే పూర్తిగా లాగట్లేదు. లాగలేకపోతున్నారు. ఆ బాణాలేమో వయసులో ఉన్నప్పుడు కొన్న గట్టి కాడలు. విల్లు గట్టిగా తోస్తే వంగి తిన్నగా పోతాయి. తోపు తగ్గింది, వంగట్లేదు, ఎడమకి పోతున్నాయి. మూతిలో కాస్త బరువు పడితే అదే తోపుకి వంగుతాయి. గాలికీ ఆగుతాయి."

"మరి ఆయనకి చెప్పు."

"ఏమని? మీ చెయ్యి తగ్గిందండీ అనా? ఆ చేత్తోనే కదే మీసం తిప్పేది!"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "జట్టులోంచి తీసేస్తే ఇంట్లో కూర్చుంటారు. ఇంట్లో కూర్చుంటే నా బల్ల దగ్గరకే వస్తారు, పళ్ళు తేలిగ్గా చెయ్యమంటారు" అంది. మాట వేళాకోళంగానే ఉంది కానీ ఆవిడ భయపడుతోంది. ఆఖరి బాణం వెయ్యని మా బాబాయి ఎలా ఉంటాడో ఆవిడకి తెలుసు. నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఒకేసారి బరువు పెంచితే దొరికిపోతుంది. మూతి బరువెక్కిన బాణం దూరం వెళ్ళేసరికి కిందికి దిగుతుంది, ఆయన పట్టేస్తాడు. అందుకని వారానికి ఇంత అని, పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు, కొద్దికొద్దిగా పెట్టాలని పిన్ని పథకం. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన కునుకు తీసే వేళ మేం దొంగతనం మొదలుపెట్టేవాళ్ళం. నేను గుమ్మం దగ్గర నిలబడి గురక వినేదాన్ని. గురక సాగినంతసేపూ పిన్ని బల్ల మీద పని సాగేది. బాణం మూతి వేడినీళ్ళలో ముంచడం, తొడుగు లాగడం, వెనక ఇత్తడి బిళ్ళ బిగించడం, జిగురు పూసి తిప్పుతూ లోపలికి తొయ్యడం, పొంగిన జిగురు గోటితో గీకడం, త్రాసులో పెట్టి చూసుకోవడం. పళ్ళు పెట్టే చెయ్యి, ఎక్కడా మరక మిగల్చదు.

ఒకసారి గురక ఆగింది. ఆయన లేచొచ్చి కెటిల్‌లోంచి ఆవిరి రావడం చూసి, "టీయా? నాకూ పొయ్యి" అన్నాడు. పిన్ని బాణాన్ని చీరకుచ్చిళ్ళలో దాచి, చక్కగా టీ పెట్టిచ్చింది. నీళ్ళు మార్చిందా లేదా అన్నది నేను చూడలేదు. ఆయన మాత్రం, "ఇవాళ టీలో ఏదో కొత్త రుచి ఉందే" అని మెచ్చుకున్నాడు.

మొదటి వారం బాణాలు ఎడమకి పోవడం తగ్గింది. కాస్త కిందికి పడ్డాయి. ఆయన బాణం పైకి వెళ్ళేలా విల్లుకున్న గురిచూసే పుల్లని కొంచెం దింపుకుని, "కొత్త తాడు వేశాను కదా, అందుకే తిన్నగా పోతున్నాయి" అన్నాడు. "ఆహా, తాడంటే తాడే" అంది పిన్ని. ఆవిడ మొహం చూస్తే నవ్వొచ్చేలా ఉందని నేను ఈల ఊదేశాను. ఎవరూ బాణాలు వెయ్యకముందే ఆపమని ఊదానని తిట్లు తిన్నాను.

ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది. పిన్ని పోయినవారం తూచిపెట్టిన బాణాలు ఈ వారం బరువు తగ్గాయి. పెట్టిన బిళ్ళలు పెట్టినట్టే ఉన్నాయి, బాణాలు మాత్రం తేలిగ్గా ఉన్నాయి. పిన్ని త్రాసుని అనుమానించింది. తన ఉంగరం తీసి తూచింది, త్రాసు బాగానే ఉంది. జిగురు ఆవిరైపోతోందా అంది. చివరికి నా వంక అదోలా చూసి, "నువ్వేమన్నా ఇత్తడి తీసి అమ్ముకుంటున్నావా?" అంది. కోపంతో రెండు పూటలు కింద అన్నానికి రాలేదు నేను. ఆవిడ ఇంకో బిళ్ళ వేసింది. మళ్ళీ తగ్గింది. ఇంకోటి వేసింది. ఇలా ఆవిడ వెయ్యడమూ, అవి తగ్గడమూ.

ఈలోగా మా బాబాయి మారిపోయాడు. మీసం మీదికి చెయ్యి వెళ్ళడం మానేసింది. జేబులో ఒక రబ్బరు బంతి పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు పిసుకుతున్నాడు. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు బదులు "హుం, హుం" అని దండీలు తీస్తున్న చప్పుడు వస్తోంది. బయటికొచ్చాక రొప్పుతూ, "నీళ్ళు చల్లగా ఉన్నాయి" అంటాడు. నేను నవ్వుకున్నాను. పిన్ని మాత్రం దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుంది.

ఎంపికకి ముందు శుక్రవారం క్లబ్బు వెనకగదిలో సానరాయి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా బాబాయి. బాణాల నుంచి ములుకులన్నీ విప్పి, ఒక్కోటీ సానరాయికి ఆనించి దాని నడుం దగ్గర అరగదీస్తున్నాడు. నిప్పురవ్వలు చొక్కా మీద పడుతున్నాయి, దులుపుకోవడం కూడా లేదు.

"అదేంటి బాబాయ్?"

ఆయన ఉలిక్కిపడి చక్రం ఆపేశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ పిన్నికి చెప్పకు. బాణాలు అందట్లేదమ్మా. పుల్ల ఎంత దింపినా కిందికే పడుతున్నాయి. ఇదివరకు ఈ బాణాలే, ఈ విల్లే. చెయ్యి అయిపోయింది. అందుకే వారం వారం వీటి బరువు తగ్గిస్తున్నా. ఎంత తగ్గించినా అంతకంతకూ కిందికే."

నేను నోరు తెరిచాను. ఆవిడ లోపల నుంచి కలుపుతుంటే ఈయన బయటి నుంచి గీకుతున్నాడు.

"ఇంకోమాట," అన్నాడు ఆయన, అరిగిన ములికిని బొటనవేలితో రుద్దుతూ. "ఆదివారం పట్టీలోంచి నా పేరు తీసెయ్యమని సెక్రెటరీకి చెప్పు. చెప్పులాయన చేతిలో ఓడిపోయి రావడం కంటే అది నయం. మార్కులు రాసే బల్ల దగ్గర కూర్చుంటాను. కుర్చీ ఉంటుందిగా."

కుర్చీ ఉంటుందిగా అన్నప్పుడు ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. లిఫ్టు ఆగిపోతే పై అంతస్తు దాకా మెట్లెక్కి, తీగలు పట్టుకుని వేలాడి బాగుచేసే మనిషి కుర్చీ గురించి మాట్లాడుతున్నాడు.

నేను సెక్రెటరీ దగ్గరికి వెళ్ళలేదు. పరుగున పిన్ని దగ్గరికెళ్ళాను. చెబుతూంటే మొదట ఆవిడ, "అదా! నా త్రాసుదేం తప్పు లేదన్నమాట" అని గెలిచినట్టు బల్ల చరిచింది. కుర్చీ మాట దగ్గరికొచ్చేసరికి చేతిలో ఆకురాయి కింద పెట్టేసింది. ఎవరి కోసమో చేస్తున్న పైవరస పళ్ళు బల్ల మీంచి ఆవిడని చూసి నవ్వుతూనే ఉన్నాయి. వాటిని వెనక్కి తిప్పి పెట్టింది.

సాయంత్రం బాబాయి రాగానే పిన్ని కెటిల్ పెట్టింది. ఆయన టీ అనుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆయన సంచీలోంచి ఒక బాణం తీసి, మూతి వేడినీళ్ళలో ముంచి, తొడుగు పట్టుకుని లాగింది. తొడుగుతో పాటు వెనకాల ఒక ఇత్తడి బిళ్ళ. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. గారడీవాడు నోట్లోంచి రుమాళ్ళు తీసినట్టు వచ్చాయి.

"ఇదెవరి పని?" అన్నాడు బాబాయి.

"ఇంకెవరిది, నాదే. మీరు నిద్రపోతుంటే వారం వారం పెట్టాను. గాలికి ఆగుతాయని. చెబితే ఒప్పుకోరని." తొడుగు బల్ల మీద పెట్టి, "తిట్టండి" అంది.

నేను మెట్ల వైపు జరిగాను. మా బాబాయి కోపం నాకు తెలుసు. తలుపులూ గిన్నెలూ కూడా దానికి సాక్ష్యాలు చెబుతాయి. కానీ ఆయన తిట్టలేదు. బిళ్ళలన్నీ అరచేతిలోకి తీసుకుని పైకీ కిందికీ ఆడించాడు.

"అంటే..." అన్నాడు. "అంటే వీటి బరువుకే కిందికి పడుతున్నాయన్నమాట. నా చెయ్యి బాగానే ఉందన్నమాట?"

పిన్ని నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. అప్పుడు చూశాను. ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, తాడు ముక్కు కొసని తాకట్లేదు. వేళాకోళానికి ఇంతకంటే మంచి సందు జన్మలో దొరకదు.

"మీ చేతికేమండీ," అంది. "దుక్కలా ఉంది."

ఆయన లేచి నిలబడ్డాడు. "రాక్షసీ! ఇన్నాళ్ళూ నాచేత స్నానాల గదిలో దండీలు తీయించావు కదే!" అని అరిచాడు. అరుస్తూ నవ్వాడు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్న చెయ్యి తిన్నగా మీసం మీదికి వెళ్ళింది. పిన్ని కెటిల్ వైపు తిరిగి, అవసరం లేకపోయినా మూత తీసి చూసింది.

కానీ బాణాల గతి కుక్కలు చింపిన విస్తరిలా ఉంది. ఆవిడ కలిపింది ఒక లెక్క, ఆయన గీకింది ఒక లెక్క, ఏ రెండూ కలవట్లేదు. శనివారమంతా ఇద్దరూ బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. ఆయన లాగడం, ఆవిడ తూచడం. "అంత బరువెందుకే?" అంటాడాయన. "గాలికండీ" అంటుందావిడ. "మరి ఇది ముసలాళ్ళకి కదా?" "మీకెందుకండీ ముసలాళ్ళ గొడవ, మీరు అతికించండి." అన్నీ ఒకే బరువుకొచ్చాక ఆవిడ ఒక్కోదాన్నీ చూపుడువేలి మీద నిలబెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. కట్టుడుపళ్ళు మాత్రం ఆ రోజు ఒక్కటీ తయారవలేదు. పాపం, ఎవరో సోమవారం దాకా గంజితో సరిపెట్టుకునే ఉంటారు.

ఆదివారం గాలి పిచ్చెక్కినట్టు వీచింది. సెక్రెటరీ ప్రారంభోపన్యాసంలో సగం మాటలు పక్క వీధికి ఎగిరిపోయాయి, ఎవరూ బాధపడలేదు. చెప్పుల షాపాయన బాగా వేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయనవి మా వాయువేగాన్ని చూసి మోజుపడి కొన్న తేలిక బాణాలు. గాలి వాటిని ఎక్కడ పడితే అక్కడ దింపింది. మా బాబాయి బాణాలు ఆకలేసినవాడు వంటింట్లోకి వెళ్ళినట్టు తిన్నగా వెళ్ళాయి. ఆఖరి ఈల నేనే ఊదాను. కాస్త ఎక్కువసేపే ఊదాను, ఎవరేమనుకుంటే నాకేం.

జట్టులో మూడో స్థానం మా బాబాయిదే. చెప్పులాయన వచ్చి చెయ్యి కలిపి, "ఎలా వేశారు గురూగారూ ఈ గాలిలో?" అన్నాడు. బాబాయి చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడు. "నొక్కి చూడు." ఆయన నొక్కి చూశాడు. సెక్రెటరీ కూడా వచ్చి నొక్కాడు. మా పిన్ని పెదవులు బిగించుకుని ఆకాశంలో ఏవో పక్షులు లెక్కపెట్టింది. ఆవిడ ఇంత నిగ్రహం చూపించడం నేను మొదటిసారీ, బహుశా ఆఖరిసారీ చూశాను.

జట్టు పోటీ ఇంకా కొన్నాళ్ళుందనగా, ఒక మధ్యాహ్నం నేను కింద కూర్చుని టీ తాగుతున్నాను. బాబాయి కునుకు తీసే వేళ. గురక వినిపించలేదు. ఆయన విల్లు పట్టుకుని ముందుగదిలోకొచ్చి, పళ్ళకీ మైనానికీ మధ్య దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఈ విల్లు వయసు మీదపడి బిగుసుకుపోయిందే," అన్నాడు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అన్నాడు. "కాస్త వదులు చెయ్యి."

విల్లు రెక్కల మొదట్లో మరలుంటాయి. వాటిని పానాతో వదులు చేస్తే తాడు లాగడం తేలికవుతుంది. పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఆయన వీధిలోకే చూస్తున్నాడు.

"ఎంత తగ్గించమంటారు?"

"నన్నడుగుతావేం. నీకు తెలుసు కదా."

పిన్ని సొరుగులోంచి పానా తీసి మర మీద పెట్టింది.

"ఈ విల్లులింతేనండీ," అంది తల ఎత్తకుండా. "తిండి సరిగా తినవు, పైగా పట్టుదల." ఒక చుట్టు తిప్పి ఆగింది.

బాబాయి కిటికీ దగ్గర్నుంచి వచ్చి, ఆవిడకి వీలుగా విల్లుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంకో అర చుట్టు తిప్పవే," అన్నాడు.